అమ్ముడుపోని బంతాట

దక్షిణ మాడ వీధి, తిరుపతి
జూన్ 10, 1985

చిత్తూరు శ్రీరత్నం ఎలక్ట్రానిక్స్ యజమాని రాజారత్నం గారికి,

ముక్కూ మొహం తెలియని మీకు వకుళాదేవి అనే రిటైర్డు తెలుగు టీచరు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

మీరు తయారుచేసిన వీడియో గేము సెట్టు, పెట్టె మీద 'బంతాట' అని ఉన్నది, మా ఇంట్లో ఒకటుంది. మా తమ్ముడు దామోదరం ఉగాదికి వచ్చినప్పుడు తెచ్చిచ్చాడు. టీవీకి తగిలిస్తే తెర మీద అటొక గీత, ఇటొక గీత, మధ్యలో బంతి. చేతిలోని నాబ్ తిప్పితే గీత పైకీ కిందికీ పోయి బంతిని కొడుతుంది. అంతే. మొదట్లో 'ఇదేం ఆటరా' అని నవ్వాను. ఇప్పుడు సాయంత్రం దీపం పెట్టగానే నేనొక గీత, మా వారొక గీత. మా వారు వేంకటాచలపతి గారు దేవస్థానంలో పనిచేసి రిటైరయ్యారు. ఒక్క పూట ఆ ఆట లేకపోతే ఆయనకు తోచదు.

ఇక విషయం. ఆయన వైపు నాబ్ నాలుగు రోజులుగా కిర్రుమంటోంది. బంతి టక్కుమంటుంది, నాబ్ కిర్రుమంటుంది. పాత ఎద్దులబండిలో పోతున్నట్టుంది. దానికి ఏ నూనె వేయాలో చెప్పగలరా? కొబ్బరినూనె వేయవచ్చునా, కుట్టుమిషను నూనె వేయాలా? ఇంతకుమించి ఫిర్యాదు లేదు. చక్కటి వస్తువు.

జవాబు కోసం చూస్తూ,
వకుళాదేవి

తా.క.: మీ జవాబు వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దని మా వారి పట్టు. "కంపెనోళ్ళు సెప్పకుండా ఏమీ పొయ్యద్దు. ఉండేది కూడా పోతాది" అంటున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నా మాటకు ఎన్నడూ ఇంత విలువ రాలేదు.


శ్రీరత్నం ఎలక్ట్రానిక్స్, చిత్తూరు
జూన్ 18, 1985

మా విలువైన కొనుగోలుదారు వకుళాదేవి గారికి, రాజారత్నం వినయంతో వంగి చేస్తున్న వందనాలు.

మా 'బంతాట' వల్ల మీ వారికి తోచడం లేదని తెలిసి విచారించాను. ఆశ్చర్యం మాత్రం కలగలేదు. తోచకపోవడం ఆ సెట్టుకు పుట్టుకతో వచ్చిన గుణం. జనం ఆ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. అందుకే ఎవరూ కొనలేదు. మేము తయారీ మానేశాం. మిగిలినవి విప్పి, సామాను వేరేవాటికి వాడుకుంటున్నాం.

ఇప్పుడు మా దగ్గర 'పులివేట' ఉంది. తుపాకి ఉంటుంది. తెర మీద పులి పోతుంటే కాల్చాలి. చిత్తూరు, పలమనేరు, వేలూరు, ఏ అంగట్లోనైనా పొద్దున పెడితే సాయంత్రానికి ఉండదు. అమ్మా, నేను చదివిన చదువూ పడిన పాట్లూ కలిపి నేర్చుకున్నది ఒకే ముక్క. జనం కొన్నదే మంచి వస్తువు. కొననిది చెడ్డది. దానికి మించిన పరీక్ష లేదు.

ఆ పాతది నాకు పార్సిలు చేయండి. బదులుగా 'పులివేట' ఉచితంగా పంపుతాను. కంపెనీ పేరు నిలబడాలి గదా.

మీ సంతృప్తే మా లాభమని నమ్మే,
రాజారత్నం

తా.క.: 'బంతాట' గురించి మాకు వచ్చిన మొట్టమొదటి ఉత్తరం మీదే. దానికోసం కొత్త ఫైలు తెరవాల్సి వచ్చిందని మా గుమాస్తా మురిసిపోయాడు.


తిరుపతి
జూన్ 26, 1985

తొందరపాటు మనిషి రాజారత్నం గారికి, ముప్పై ఏళ్ళు పిల్లల కాంపోజిషన్లు దిద్దిన వకుళాదేవి రాయునది.

నా వాక్యం మళ్ళీ చదవండి. 'ఆట లేకపోతే తోచదు' అన్నాను. ఉంటే తోచదనలేదు. మీరొక్క మాట మింగినందుకు మా ఇంటికి తుపాకి రాబోతోంది. నేనడిగింది నూనె.

జనం కొన్నదే మంచిదన్నారు. ఒకసారి మా తిరుపతికి వచ్చి చూడండి. ఈ ఊళ్ళో అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యేది గుండు గీసే బ్లేడు. అందుకని బ్లేడును మించిన వస్తువు లోకంలో లేదందామా? మీ ఊరి సంగతే తీసుకోండి. చిత్తూరు మండీలో బళ్ళకొద్దీ పోయేది తోతాపురి మామిడి. మరి సంచీలో వేసుకుని మీరు ఇంటికి తీసుకుపోయేది ఏ కాయ? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి, మల్గోవా కాదూ? అమ్మకమంటే కొనేముందు పుట్టిన ఆశ. వస్తువు మంచిదో కాదో తెలిసేది కొన్న తర్వాత గదా! అది మీ లెక్కల్లోకి ఎలా వస్తుంది?

ఇదంతా మా వారికి చదివి వినిపించాను. ఆయన మీ పక్షం చేరారు.

"అందురూ అదే కొంటా ఉండారంటే ఊరికే కొంటారామే? ఎవురూ కొననిదాన్ని మనమొక్కరమే పెట్టుకోని కూసుంటే నవ్వుతారు. మార్చేయ్" అన్నారు.

"వద్దండీ, ఇది బాగుంది గదా" అన్నాను. మర్నాడు ఇంకోసారి అన్నాను. మూడోసారి అనలేదు. సెట్టు పార్సిలు కట్టి ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను.

వాదంలో గెలిచి ఇంట్లో ఓడిన,
వకుళాదేవి

తా.క.: మా వైష్ణవుల ఇంట్లో తుపాకి పెట్టే చోటంటూ ఎప్పుడూ లేదు. ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. దేవుడి గదిలో మాత్రం కాదని తీర్మానించాం.


చిత్తూరు
జూలై 5, 1985

కాలంతోపాటు నడిచే వకుళాదేవి దంపతులకు రాజారత్నం అభినందనలతో,

మీ పార్సిలు చేరింది. 'పులివేట' పంపాను. తుపాకి గురించి భయం వద్దు. లైసెన్సు అక్కరలేదు. పోలీసులు అడిగితే మా బిల్లు చూపండి. జీవహింస అన్న బెంగ కూడా వద్దు. తెర మీద వచ్చేది ఒక తెల్ల చదరం. పులి అనుకుంటే పులి. మనసొప్పకపోతే బిస్కెట్టు అనుకుని కాల్చండి. అసలు పులి పెట్టె మీదే ఉంది. మదరాసు ఆర్టిస్టు చేత వేయించాం. నోరు తెరిచి మీదికి దూకుతూ ఉంటుంది. నిజం చెప్పాలంటే సెట్లు అమ్మిపెట్టేది ఆ పులే.

మీ బ్లేడు సలహా అద్భుతం. మాకు తట్టనేలేదు. దీపావళికి ప్రతి సెట్టుతోనూ ఒక బ్లేడు ప్యాకెట్టు ఉచితంగా ఇవ్వబోతున్నాం. మల్గోవా విషయం మీకు ఎవరు చెప్పారు?

కృతజ్ఞతతో,
రాజారత్నం

తా.క.: మీ పాత సెట్టులో ఒక నాబ్ నున్నగా అరిగిపోయి ఉందని మా మెకానిక్కు చెప్పాడు. ఎవరో గట్టిగా ఆడినట్టున్నారు.


తిరుపతి
ఆగస్టు 20, 1985

రాజారత్నం గారికి,

ఈసారి మర్యాదల మీదికి మనసు పోవడం లేదు. క్షమించండి.

ముందు మీకు రావలసిన గెలుపు మీకిచ్చేస్తాను. మీ పులి మా వీధిలో విజయం సాధించింది. ఎదురుగా ఉన్న లాడ్జి మేనేజరు గోవిందు ఒకరోజు వచ్చి ఆడిపోయాడు. మర్నాడు దర్శనం టికెట్టు దొరకక లాడ్జిలో కూర్చున్నవాళ్ళను తీసుకొచ్చాడు. వారం తిరిగేసరికి మా గుమ్మంలోంచి వీధిలోకి వరస. మా వారు కొండమీద క్యూ వరసలు చూసే ఉద్యోగమే చేసి వచ్చారు గనక ఆయనకు ప్రాణం లేచొచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని "ఒకరెనక ఒకరు రండప్పా! తోసుకోవద్దు! అందురికీ పులి దొరుకుతాది" అని అరవడం. ఏడుకొండలవాడు మా ఇంట్లోనే దిగాడేమో అనుకుని ఒక ముసలమ్మ హుండీ ఎక్కడని అడిగింది.

మొన్న వానకు జనం రాలేదు. "మీరాడండి" అని తుపాకి ఆయన చేతికిచ్చాను. ఎడమ చేత్తో అందుకున్నారు. ఎడమ చేత్తోనే కాల్చారు. అప్పుడు చూశాను. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఎన్నాళ్ళుగా అలా పడి ఉందో నేను గమనించలేదు.

మొదటి ఉత్తరంలో రాయని సంగతి ఇది. రథసప్తమికి ముందు ఆయనకు కుడివైపు పక్షవాతం వచ్చింది. మాట వచ్చింది, కాలు వచ్చింది, చెయ్యి రాలేదు. పిసుకుతూ ఉండమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే "నేనేమన్నా పసిబిడ్డనా" అని విసిరేశారు. మీ నాబ్‌ను మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు. దానికి బలం అక్కరలేదు. వేలు ఆనిస్తే కదిలేది. బంతి తప్పిపోకూడదన్న పంతంతో ఒక్కొక్క వేలే లేచింది. అది కిర్రుమనేదాకా తిప్పారండీ ఆయన. ఆ కిర్రు మీకు ఫిర్యాదుగా వినబడింది. నాకైతే మంగళవాద్యం.

ఇంటి గుట్టు కొత్తవాళ్ళకెందుకని దాచాను. ఒక్క వాక్యం రాసి ఉంటే మీరు తుపాకి ఊసే ఎత్తేవారు కాదేమో. పులిని తిప్పి పంపుతాను. మా పాతది మాకు పంపించండి.

వకుళాదేవి

తా.క.: కొబ్బరినూనా, మిషను నూనా అన్నది మీరు ఇప్పటికీ చెప్పలేదు. ఇక చెప్పనక్కరలేదు.


చిత్తూరు
ఆగస్టు 27, 1985

అమ్మా,

మీ ఉత్తరం అంగట్లో నిలబడి చదివాను. కూర్చుని మళ్ళీ చదివాను.

మీ సెట్టు లేదు. వచ్చిన వారంలోనే విప్పేశాం. దాని లోపలి సామాను ఏ పులిలోకి పోయిందో, ఆ పులి ఏ ఊరికి పోయిందో చెప్పలేను. నాబ్‌లు పనికిరావని పాత ఇనుముకు వేశాం.

'బంతాట' నేను చేసిందేనమ్మా. మా నాయన రేడియోలు రిపేరు చేసేవాడు. పాత వాల్వు రేడియోలో స్టేషను తిప్పే బరువైన చక్రం ఒకటుంటుంది. వేలితో కొంచెం తోస్తే చాలు, తనంతట తానే జారిపోతుంది. చిన్నప్పుడు దాన్ని తిప్పుతూ అన్నం కూడా మరిచేవాణ్ణి. "అది ఆటవస్తువు కాదురా నాయనా, అరిగిపోతాది" అని ఆయన మొత్తుకునేవాడు. బంతాటలో నాబ్ వెనక ఆ చక్రమే పెట్టాను. ఖర్చెక్కువ. పైకి కనబడదు. బొమ్మ వేసి చూపడానికీ రాదు. అంగళ్ళవాళ్ళు పెట్టె తిప్పి చూసి, "పులి ల్యా, కారు ల్యా, దీన్ని ఎవురు కొంటారప్పా?" అన్నారు. ఎవరూ కొనలేదు.

అప్పుడు నాకు రెండే దారులు. జనం తప్పనుకోవాలి, లేదా నేనే తప్పనుకోవాలి. జనం తప్పనుకుంటే పూట గడవదు. అందుకని నేనే తప్పనుకున్నాను. పదిమందిలో గట్టిగా అనడం అలవాటు చేసుకున్నాను. చివరికి దాన్ని మెచ్చుకున్న ఒక్క మనిషికి కూడా అదే చెప్పి, ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

ఇంకొకటి చేస్తాను. నా చేత్తోనే చేస్తాను. పలమనేరులో నూర్ అహ్మద్ అని ఒక రేడియో మెకానిక్కు ఉన్నాడు. పాత సెట్లు పారేయడు. చక్రాలు ఆయన దగ్గర దొరకాలి. కొంచెం ఓపిక పట్టండి.

తల వంచుకుని,
రాజారత్నం

తా.క.: ఏ నూనె వద్దమ్మా. దుమ్ము తుడిచి, పెన్సిలు ముల్లు చెక్కి ఆ పొడి కొంచెం వేస్తే చాలు. జూన్‌లో చెప్పాల్సిన మాట.


తిరుపతి
డిసెంబరు 2, 1985

నాయనా రాజారత్నం,

కొడుకు వయసు వాడివి, ఇక గారూ మీరూ అనడం మానేస్తున్నాను.

వానలకు రైళ్ళు ఆగినా నీ సెట్టు భద్రంగా చేరింది. పాతదానికన్నా బాగుంది. పెట్టె మీద ఏ బొమ్మా లేకుండా 'బంతాట' అని నీ చేత్తో రాసిన అక్షరాలు కూడా బాగున్నాయి. ఆ 'బం'లో సున్న కొంచెం చిన్నదైంది, పరవాలేదు.

ఆయన దాన్ని చూసి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. కుడి చెయ్యి నేనే తీసి నాబ్ మీద పెట్టాను. జారిపోయింది. మళ్ళీ పెట్టాను. వేళ్ళు బిగుసుకుపోయాయి. డాక్టరు వచ్చి చూసి, "అప్పట్లో ఆపకుండా ఉండింటే..." అని మందుచీటీ రాశాడు.

ఇప్పుడు ఎడమ చేత్తో ఆడుతున్నారు. నీ తప్పేమీ లేదు. పార్సిలుకు తాడు కట్టింది నేను. మూడోసారి వద్దనకుండా ఊరుకున్నది నేను. ఎవరు మార్చమన్నారని అడిగినవాళ్ళకు నేనే అని చెబుతున్నాను. అది నిజమే కదా.

వకుళాదేవి

తా.క.: పులిని లాడ్జికి ఇచ్చేశాను. వరస కూడా దానితో పోయింది. దర్శనమయ్యాక కూడా పులి కోసం ఇంకో పూట రూము ఉంచుకుంటున్నారని గోవిందు ఆనందం.


తిరుపతి
డిసెంబరు 9, 1985

శ్రీ రాజారత్నం గారికి వేంకటాచలపతి ఎడమ చేత్తో రాయునది.

అక్షరాలు కొండ మెట్లలాగా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఓపిగ్గా ఎక్కండి.

ఆమె గుడికి పోయింది. వచ్చేలోగా ముగించాలి. సెట్టు మార్చమన్నది నేను. ఆమె వద్దన్నది. నా ఉద్యోగం అలాంటిది. పొడుగాటి వరస కనబడితే దాని కొసన మంచిదేదో ఉండే తీరుతుందని నమ్మినవాణ్ణి. కొండ మీద అది నిజం. అంగట్లో కూడా నిజమే అనుకున్నాను.

ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ తనే మార్చానని చెబుతోంది. "కాదప్పా, నేనే" అంటే "మీరూరుకోండి" అంటుంది. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు "ఇంకొక్క తూరి వద్దనుంటే పొయ్యేది కదా" అని గొణుక్కుంటుంది. నాకు వినబడదనుకుంటుంది. పోయింది చెయ్యేగాని చెవులు కాదు.

ఒక ఉపకారం చేయండి. ఆ పాత సెట్టులోనే లోపం ఉందని, మార్చకపోయినా నెలలో ఆగిపోయేదని ఆమెకొక ఉత్తరం రాయండి. మీరు ప్రేమగా చేసినదాన్ని మీచేతే తిట్టిస్తున్నాను. ఇది తప్పని తెలుసు. నా మాట ఆమె నమ్మదు. కంపెనీ మాట నమ్ముతుంది.

మీ మేలు మరవని,
వేంకటాచలపతి

తా.క.: పోస్టు డబ్బాలో వేయమని గోవిందుకిస్తున్నాను. పులినిచ్చిన పుణ్యానికి వాడు ఈ మధ్య నా మాట బాగా వింటున్నాడు.


శ్రీరత్నం ఎలక్ట్రానిక్స్, చిత్తూరు
డిసెంబరు 16, 1985

మా కొనుగోలుదారు వకుళాదేవి గారికి, కంపెనీ తరఫున యజమాని తెలియజేయునది.

మీ పాత 'బంతాట' సెట్టును విప్పినప్పుడు లోపల పెద్ద లోపం బయటపడింది. తీగలు కాలిపోవడానికి సిద్ధంగా ఉన్నాయి. మీరు మార్చకపోయినా నెల తిరక్కుండా ఆగిపోయేది. తర్వాత ఎవరూ బాగుచేయగలిగేవారు కాదు. ఆ చక్రం పనికిమాలినది. ఆ సెట్టు చేసినవాడికి అనుభవం చాలదు. జనం దాన్ని ఊరికే వదిలేయలేదు. జనానికి అన్నీ తెలుసు.

మీరు మార్చి మంచిపని చేశారు. ఇందులో మీ పొరపాటు ఏమీ లేదు.

ఇట్లు,
రాజారత్నం

తా.క.: ఈ సంగతి ముందే చెప్పనందుకు మన్నించండి. బయటపడితే 'బంతాట' అమ్మకాలు దెబ్బతింటాయని భయపడ్డాను.


తిరుపతి
డిసెంబరు 23, 1985

నాయనా రాజారత్నం,

నీ ఉత్తరం ఆయనకు గట్టిగా చదివి వినిపించాను. "అట్లనా! నెలకే నిలిచిపొయ్యుండునా! అయితే మార్చింది మేలే అయిందే" అన్నారు. "అవునండీ, ఉత్త డొల్ల సెట్టు" అన్నాను. చాలా రోజుల తర్వాత ఇద్దరం కాఫీ తాగుతూ నీ కంపెనీని తనివితీరా తిట్టుకున్నాం. ఆ రోజు ఆయన ఇంకో ఇడ్లీ అడిగి వేయించుకున్నారు.

అబద్ధం రాయడం నీకు చేతకాలేదు. ఎవరూ కొనక తయారీయే మానేసిన వస్తువుకు అమ్మకాలు దెబ్బతినడమేమిటి నాయనా? ఎర్ర సిరాతో సున్న చుట్టాలనిపించింది. చుట్టలేదు. ఆ చక్రాన్ని పనికిమాలినదని రాయడానికి నీ చెయ్యి ఎట్లా వచ్చిందో అనుకుని, ఆ వాక్యం దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగిపోయాను.

ఎవరు రాయించారో కూడా తెలుసు. మొన్న గుడి నుంచి వచ్చేసరికి ఆయన ఎడమ అరచేతి అంచునిండా సిరా. ఎడమ చేత్తో రాసేవాళ్ళ చెయ్యి రాసినదాన్నే తుడుచుకుంటూ పోతుంది. బళ్ళో ఎంతమందిని చూశాను! ఏమిటని అడగలేదు. సబ్బు తెచ్చిచ్చాను.

నేను నమ్మానని ఆయన నమ్ముతున్నారు. నువ్వు ఎప్పుడైనా వస్తే ఆ సంగతి అలాగే ఉండనీ. ఇన్నేళ్ళ తర్వాత నా కోసం ఒక ఉత్తరం రాశారు, అదీ నాకు తెలియకుండా. చదవడానికి లేకపోయిందన్నదే నా బాధ.

సాయంత్రాలు నేను కూడా ఎడమ చేత్తోనే ఆడుతున్నాను. నాకది ఏమాత్రం స్వాధీనంలో లేదు. బంతి ఒకసారి ఆయన్ను దాటిపోతుంది, ఒకసారి నన్ను దాటిపోతుంది. ఇద్దరం అది పోయిన వైపే చూస్తూ కూర్చుంటాం. "సెట్టులోనే ఏదో లోపముండాదే" అంటారు.

అవునంటాను.

నీ మేలు కోరే,
వకుళాదేవి

తా.క.: వీలైనప్పుడు ఇంకొకటి చెయ్యి. ఎవరూ కొనరు. అయినా చెయ్యి.